రేవు అన్న మాట

తియ్యటి పోర్టు వైను తయారుచేసే ఆ పాత గిడ్డంగిలో అందరికీ ఆమె పిన్నే. సగం తల నెరిసిన యజమాని కూడా పిన్నీ అనే పిలుస్తాడు. వెనకనుంచి మాత్రం అందరూ ‘చెవి’ అంటారు. ఎందుకంటే ఆమె ఉద్యోగం వినడం. జీతమిచ్చి మరీ ఒక మనిషిని వినడానికి పెట్టుకుంటారా అని కొత్తగా చేరినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. ఒక పంటకాలం గడిచేసరికి ఆ వేలు దానంతటదే దిగుతుంది.

ద్రాక్ష తొక్కిన రసాన్ని అక్కడ మనిషి లోతు చెక్కతొట్లలో పోస్తారు. పోసిన కొద్దిసేపటికే కాదుగానీ, మర్నాటికల్లా అది తనంతట తానే పొంగడం మొదలుపెడుతుంది. లోపలి తీపి కరుగుతూ మత్తుగా మారుతూ ఉంటుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే తీపి బొత్తిగా హరించుకుపోతుంది. ఇంకా వదిలేస్తే పులిసి వెనిగరు అవుతుంది. తీపి సగం మిగిలి ఉండగా ఘాటైన ద్రాక్షసారా పోశారా, ఆ పొంగు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. మిగిలిన తీపి ఏళ్ల తరబడి పీపాలో అలాగే ఉండిపోతుంది. ఆ సగం ఎప్పుడన్నది తెలియాలి. గాజు గొట్టంతో కొలిచేవాళ్లు కొలుస్తారు, రుచి చూసేవాళ్లు చూస్తారు. చివరిమాట మాత్రం పిన్ని చెవిది. అది ఆ గిడ్డంగి అలవాటు.

ఆమె తొట్టి పక్కకు చెవి ఆనించి కళ్లు మూసుకుంటుంది. మొదట్లో లోపల సంతలో గోలలా ఉంటుంది. పోనుపోను ఆ గోల విడివిడి బుడగలవుతుంది. బుడగకీ బుడగకీ మధ్య ఊపిరి తీసుకునేంత సందు వచ్చినప్పుడు, ఆమె తొట్టి అంచుమీదికి వంగి మెల్లగా ఒకే మాట అంటుంది: “రేవు.” అది విని సారా గొట్టం దగ్గరి మనిషి కొళాయి తిప్పుతాడు. తొట్టి నోరు మూసుకుంటుంది.

చాలా ఏళ్లు ఆ కొళాయి దగ్గర నిలబడింది ఆమె మొగుడే. కొళాయి బాబాయి అనేవారు. పొడుగ్గా, వదులుగా, ఎప్పుడూ ఏదో ఒకటి అంటూ నవ్వే మనిషి. “ఊళ్లో మొగుళ్లందరూ ఇంట్లో ఊరికే చేసే పనికి నాకు జీతం ఇస్తున్నారు. పెళ్లాం చెప్పగానే చెయ్యి తిప్పడమే కదా!” అనేవాడు. చలంటే మాత్రం మహా భయం. గిడ్డంగిలో ఎవరు తలుపు తెరిచి వదిలేసినా ఇంత ఎత్తున లేచేవాడు. ఆయన సణుగుడుకి పిన్ని పైకి విసుక్కునేది, లోపల మురిసిపోయేది. నిజానికి ఆమెకు ఆ మనిషి అంటే ప్రాణం.

ఇక ఆ మాట సంగతి. గిడ్డంగి చూడటానికి వచ్చినవాళ్లకు గ్లాసులు అందిస్తూ యజమాని ఎప్పుడూ ఒకే కథ ఏకరువు పెడతాడు. “ఈ వైను పుట్టిన దేశంలో ద్రాక్ష పండింది కొండల్లోనండీ. రసం తీసిందీ అక్కడే. పేరు మాత్రం ఆ కొండలది రాలేదు. పీపాలు పడవల మీద నది దిగి వచ్చి, సముద్రం పక్కన ఓడలెక్కిన ఊరుందే, దానిది వచ్చింది. ఆ ఊరి పేరుకే వాళ్ల భాషలో రేవు అని అర్థం. ఓడలో అన్నాళ్లు చెడిపోకుండా ఉండాలని సారా కలిపారంటారు. పోర్టంటే అంతే, రేవు.” వచ్చినవాళ్లు ఓహో అంటారు, రెండో గ్లాసు వైపు చూస్తారు.

పిన్నికి ఈ పని నేర్పింది వాళ్లత్తగారు. ఆవిడ ఇదే సంగతి ఇంకోలా చెప్పింది. “పుట్టినచోటి పేరు కాదు, చేరేచోటి పేరూ కాదు. నేల అయిపోయింది, నీళ్లింకా మొదలవలేదు. ఆ మధ్యలో ఆగిన గట్టు పేరే దీనికి పెట్టారు. అందుకే తొట్టికి చెప్పి మరీ ఆపాలి. ఇదిగో, ఇంకో మాట. దీన్ని గిడ్డంగి గడప దాటనివ్వకు. పొయ్యి మీద పాలు పొంగినా అనకు, పిల్ల గుక్కపట్టి ఏడ్చినా అనకు. ఊపిరున్న దేని దగ్గరా అనకు.”

“అంటే ఏమవుతుందత్తయ్యా?” అని నవ్వింది కొత్తకోడలు.

“ఏమవుతుందో చూసినదాన్ని కనకే వద్దంటున్నాను” అంది అత్తగారు. ఎంత బతిమాలినా ఆపైన పెదవి విప్పలేదు.

ఆ కొత్తలోనే పిన్ని ఒక తొట్టిని తొందరపడి ఆపేసింది. రసం ఇంకా పానకంలా ఉంది, పొంగు మాత్రం చచ్చింది. ఏడుపు మొహంతో నిలబడితే అత్తగారు తిట్టలేదు. పక్క తొట్లో జోరుగా పొంగుతున్న రసంలోకి ఆగిన రసాన్ని కొంచెం కొంచెంగా పోయించింది. “నిద్రపోయినవాణ్ణి లేపాలంటే అల్లరివాళ్ల మధ్య పడుకోబెట్టాలి” అంది. సాయంత్రానికి ఆగినదీ పొంగడం మొదలెట్టింది, ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కణ్నుంచే. పిన్ని ఆ ఉపాయాన్ని గుర్తుపెట్టుకుంది. అత్తగారు పోయింది, పిన్ని పెద్ద చెవి అయింది.

ఒక ఏడు పంట పనులు ముగిసి తొట్లు కడుగుతుండగా బాబాయికి జ్వరం వచ్చింది. దగ్గు ముదిరింది, నెమ్ము చేసింది. గిడ్డంగి వెనక సందులో వాళ్లిద్దరికీ, చిన్న కూతురికీ కలిపి రెండు గదులు. సందులోకి తెరుచుకునే కిటికీ ఒకటుంది. దాని కింద మంచం వేసి పడుకోబెట్టింది. డాక్టరు వచ్చి ఛాతీ విని మొహం చిట్లించాడు. “చలిగాలి తగలనివ్వకండమ్మా” అన్నాడు. పిన్ని కిటికీ మూసి గడియ పెట్టింది. డాక్టరు వెళ్లాక తనూ మొగుడి ఛాతీ మీద చెవి ఆనించింది.

లోపల పొంగుతోంది.

ఆ చప్పుడు ఆమెకు కొట్టినపిండి. మొదటిరోజు సంతలో గోల. ఆ తర్వాత విడివిడి బుడగలు. బుడగకీ బుడగకీ మధ్య సందు పెరుగుతూ వచ్చింది. ఆ సందులు పెద్దవైతే తర్వాత ఏం మిగలదో ఆ ఊళ్లో ఆమెకంటే తెలిసినవాళ్లు లేరు. 

ఒక మధ్యాహ్నం, కూతురు బడికి వెళ్లి ఉండగా, బాబాయి కళ్లు తెరిచాడు. తల కొంచెం పైకి తిప్పి పిన్నిని చూశాడు. “ఏమే... ఆ కిటికీ కాస్త...” అన్నాడు. అంతలోనే ఆయన కళ్లు తేలిపోయాయి. పోతున్నాడనుకుంది పిన్ని. వంగి, ఆయన చెవిలో నోరుపెట్టి, జీవితమంతా తొట్లకు చెప్పిన మాట చెప్పేసింది.

“రేవు.”

దుప్పటి మీద బాబాయి కుడిచెయ్యి కదిలింది. ఏళ్ల తరబడి ఆమె మాటకు తిప్పినట్టే కొళాయి తిప్పింది, తిప్పి ఆగింది. ఛాతీలో బుడగలు ఒక్కసారిగా అణిగిపోయాయి. మొహంలో బాధ ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. అది బాధ అని ఆమెకు అప్పుడు తోచలేదు.

సాయంత్రం డాక్టరు వచ్చి చాలాసేపు నాడి పట్టుకున్నాడు. “ఉంది. ఎక్కడో లోతుగా ఉంది” అన్నాడు. పుస్తకాలు తిరగేశాడు, వేరే డాక్టర్లను తీసుకొచ్చాడు. ఒక్కోసారి ఇలా జరుగుతుందమ్మా అన్నాడు. కొన్నాళ్లకు చేతులెత్తేశాడు. ఆ తర్వాత సందులోకి రావడమే మానుకున్నాడు, వేరే ఇళ్లకు చుట్టుదారిలో వెళ్లేవాడు.

నిజం చెప్పాలంటే మొదట్లో పిన్నికి సంతోషమే. మొగుడు పోలేదు. ఎదురుగా ఉన్నాడు. పొద్దున్నే ఒక చెంచాడు నీళ్లు పెదవుల మీద పోస్తే ఎండిన పీపా చెక్కలా మెల్లగా పీల్చుకునేవాడు. ఇంకేం అక్కర్లేదు. ఆమె గిడ్డంగి కబుర్లన్నీ ఆయన పక్కన కూచుని చెప్పేది. కొత్త కొళాయి మనిషికి చెవుడని, యజమాని మళ్లీ లావయ్యాడని, మీరుంటే ఎంత నవ్వేవారో అని. సాయంత్రాలు ఛాతీ మీద చెవి ఆనించి వినేది. ఖాళీ తొట్టి నిశ్శబ్దం వేరు, ఆపిన తొట్టి నిశ్శబ్దం వేరు. ఖాళీ తొట్టి మన ఊపిరినే మనకు వినిపిస్తుంది. ఆపిన తొట్టి ఏమీ వినిపించదు, నిండుగా ఉంటుంది. బాబాయి నిండుగా ఉన్నాడు.

ఆయన గడ్డం పెరగలేదు. గీయడానికి వచ్చిన మనిషి కత్తి నూరుకుని, బుగ్గ తడిమి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. గోళ్లూ పెరగలేదు. గదిలో మెల్లగా ఒక తియ్యటి వాసన చేరింది, పీపాల గదిలో ఉండేదే. పీపాల చుట్టూ ముసిరే సన్నటి ఈగలు మంచం చుట్టూ ముసిరేవి. ఆయన మీద వాలేవి కావు.

కిటికీ ఆమె మళ్లీ తెరవలేదు. ‘ఆ కిటికీ కాస్త’ అని ఆగిపోయిన మాటను ఆమె వెయ్యిసార్లు పూర్తిచేసుకుంది. ‘మూసెయ్యవే’ అనబోయాడు, ఇంకేముంటుంది? చలంటే అంత భయపడే మనిషి. గడియ పెట్టినా ఎక్కడో సందులోంచి గాలి కొట్టి ఉంటుంది. అందుకని కిటికీ రెక్కల సందుల్లో గుడ్డపేలికలు కుక్కింది. ఏటా చలి మొదలయ్యేముందు పాత పేలికలు తీసి కొత్తవి గట్టిగా దట్టించేది. ఆఖరుసారి అడిగిన పని అది. ఆ మాత్రం చెయ్యనా అనుకునేది.

మళ్లీ పంటకాలం వచ్చినప్పుడు ఒక సాయంత్రం కూతురు గుమ్మంలోనే ఎదురొచ్చింది. “అమ్మా, మధ్యాహ్నం తొట్టి ఆపావా?”

“ఆపాను. నీకెలా తెలుసు?”

“నాన్న చెయ్యి తిరిగింది.”

పిన్ని నమ్మలేదు. మర్నాడు కూతుర్ని గిడ్డంగి గుమ్మంలో నిలబెట్టి, పక్కింటామెను మంచం దగ్గర కూచోబెట్టింది. తొట్టికి మాట చెప్పింది. కూతురు పరుగెత్తి వెళ్లేసరికి పక్కింటామె సందులో నిలబడి, చెయ్యి తిరిగిందంటోంది. మళ్లీ వాళ్ల గుమ్మం తొక్కలేదు. ఆనాటినుంచి తొట్టి ఆపిన ప్రతిసారీ పిన్నికి ఆ చెయ్యే కళ్లముందు కదిలేది. ఇక్కడ తను మాట అంటోంది, అక్కడ మూసిన గదిలో ఆయన కొళాయి తిప్పే పనే మళ్లీ చేస్తున్నాడు. అయినా మాట అనడం మానలేదు. మానితే ఇల్లు గడవద్దూ.

ఏళ్లు గడిచాయి. పిన్ని జుట్టు తెల్లబడింది, నడుం వంగింది. కూతురు పెద్దదై గిడ్డంగిలోనే చేరింది. తల్లి పక్కన నిలబడి చెవి ఆనించడం నేర్చుకుంది. ఒకరోజు తండ్రి మొహం తుడుస్తూ, “అమ్మా, నాన్న ఇప్పుడు నీకు తమ్ముడిలా ఉన్నాడు” అంది. నవ్వుతూనే అంది. పిన్ని నవ్వలేకపోయింది.

ఆ ఏడు ద్రాక్ష కోతలు మొదలవకముందు పిన్నికి జ్వరం వచ్చింది. దగ్గు, నెమ్ము, అన్నీ అవే. రెండో గదిలో పడుకుంది. కూతురు పొద్దస్తమానం పక్కనే ఉంది. ఒక మధ్యాహ్నం పిన్నికి మగతలో తన ఛాతీ మీద ఏదో బరువు తెలిసింది. కూతురు చెవి. వింటోంది. తర్వాత కూతురి ఊపిరి తన చెవి దగ్గర వెచ్చగా తగిలింది.

“రే...”

పిన్ని ఎక్కడి బలం వచ్చిందో చెయ్యెత్తి కూతురి నోరు నొక్కేసింది. 

“నువ్వు పోతావేమోనని భయమేసిందమ్మా” అని ఏడ్చింది కూతురు.

“పోతే పోతానే. నన్ను ఆపకు. నాకొద్దు” అంది పిన్ని. అని, తను అన్నది తనే విని, బిగుసుకుపోయింది. గోడ అవతల ఆ మనిషి ఉన్నాడు. ఆయనకు కావాలా వద్దా అని తను ఒక్కనాడైనా అనుకోలేదు. అందరికంటే బాగా వినగలదని పేరు తెచ్చుకున్న మనిషి, మొగుడి మాట సగం దగ్గర తుంచేసి, మిగతా సగం తనే చెప్పుకుంది.

జ్వరం తగ్గింది. లేచి తిరుగుతున్నాక కూతుర్ని కూచోబెట్టి చెప్పింది. “పక్క తొట్టిలో పొంగే రసం పోసి లేపుతాం కదా, నాన్నకీ అలాగే చేద్దాం.”

“లేస్తాడా?”

“లేవడు. ఎక్కడ ఆగాడో అక్కణ్నుంచి సాగుతాడు.”

“అంటే పోతాడు.”

“పోతాడు” అంది పిన్ని.  కూతురు లేచి బిందె కడగడానికి వెళ్లింది.

కోతలు మొదలయ్యాయి. తొట్లు జోరుమీదున్న ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్లు బిందెడు రసం ఇంటికి మోసుకొచ్చారు. యజమాని చూశాడు, అడగలేదు. దారిపొడుగునా రసం బిందెలో చిటచిటలాడుతూ మూతగుడ్డను తడుపుతూనే ఉంది. మంచం తలవైపు దించేసరికి గది అంతా ఆ చప్పుడుతో నిండింది. అన్నేళ్లుగా ఆ గదిలో అంత సందడి లేదు. పిన్ని చెంచాతో రసం తీసి ఆయన పెదవుల మీద పోసింది. పీల్చుకున్నాడు. ఇంకో చెంచా. ఇంకోటి. ఛాతీ మీద చెవి పెట్టింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో అడుగున ఒక బుడగ చిట్లింది.

దుప్పటి మీద కుడిచెయ్యి కదిలింది. ఈసారి ఎదురువైపు తిరిగింది, కొళాయి కట్టేసినట్టు. కూతురు గోడకు అంటుకుపోయింది. బాబాయి కళ్లు కిందికి దిగి పిన్ని మొహం మీద నిలిచాయి. ఆమె నెరిసిన జుట్టును చూసి ఆయన ఆశ్చర్యపోలేదు, ఆయనకు ఆ మధ్యాహ్నం ఇంకా అయిపోనేలేదు. మాట ఎక్కడ తెగిందో అక్కణ్నుంచే అందుకున్నాడు.

“...తియ్యవే. ఊపిరాడటంలేదు.”

 పిన్ని కిటికీ మీద పడింది. పేలికలు పట్టుకుని లాగితే రాలేదు, తనే అంత గట్టిగా కుక్కింది. గోళ్లతో పీకింది. గడియ తుప్పుపట్టి బిగుసుకుంది. కూతురు పీపాలు బిగించే సుత్తి తెచ్చి అందిస్తే గడియ మీద దెబ్బ మీద దెబ్బ వేసింది. “ఉండండి, ఇదిగో, తీస్తున్నా, ఒక్క నిమిషం ఉండండి” అంటూనే ఉంది. రెక్కలు ఊడొచ్చినట్టుగా తెరుచుకున్నాయి. సందులోంచి గాలి, వెలుతురు, ఎవరో పీపా దొర్లించుకుపోతున్న చప్పుడు, అన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చాయి.

బాబాయి ఆ గాలిని నిండుగా పీల్చుకున్నాడు. పీలుస్తుండగానే ఆయన మొహం మారింది. బుగ్గలు లోపలికి దిగాయి, జుట్టు తెల్లబడింది. చూస్తుండగానే ఆమె వయసుకు వచ్చాడు, ఆమెకంటే పెద్దవాడయ్యాడు. పీల్చిన గాలి వదిలాడు. మళ్లీ పీల్చుకోలేదు.

పిన్ని ఛాతీ మీద చెవి ఆనించింది. ఆమెకు తన ఊపిరే వినిపించింది.

ఆ రోజంతా ఆమె ఒకే మాట అంటూ కూచుంది. “అన్నేళ్లూ ఊపిరాడకుండానే ఉన్నాడే. నేను గుడ్డలు కుక్కుతూ కూచున్నాను.” కూతురు పక్కన కూచుని చెయ్యి పట్టుకుంది.

పిన్ని ఇప్పటికీ గిడ్డంగికి వెళ్తుంది. చెవులు మునుపటిలా లేవు, పని చాలావరకు కూతురిదే. తొట్టికి మాట చెప్పేముందు గిడ్డంగి కిటికీలన్నీ తెరవాలని కొత్త అలవాటొకటి పెట్టింది. వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే, యజమాని దానికీ ఏదో ఒక కథ అల్లి చెబుతాడు. ఇంట్లో మంచం అదే కిటికీ కింద ఉంది. పిన్ని దాని మీదే పడుకుంటుంది. వాన వస్తే జల్లు దుప్పటి మీద కొడుతుంది, అయినా రెక్కలు వెయ్యనివ్వదు.

మొన్న మళ్లీ దగ్గు మొదలైంది. కూతురు మంచం పక్కన కూచుని, అలవాటుకొద్దీ తల్లి ఛాతీ మీదికి తల వంచింది. పిన్ని ఆ తలను పట్టుకుని, తన నోటి దగ్గరికి తిప్పుకుంది.

“అక్కడ కాదే, ఇక్కడ విను. నేనేదైనా అడుగుతుంటే, చివరిదాకా విను.”